నలుగురికే పంపిండట

మేడ్చల్‌లో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే బాలనర్సమ్మకు పొద్దున తొమ్మిదంటే ఊపిరాడని వేళ. ముందుగదిలో పరదా కట్టి దాని వెనకే కొలతలు తీస్తుంది. ఆ పరదా దాటి మొగుడు గౌరయ్య కూడా రాడు. ఇరవై ఏళ్ళలో ఏ ఆడమనిషి ఒంటి సంగతీ ఆమె నోటి నుంచి బయటికి పొక్కలేదు.

ఆ రోజు పరదా జరుపుకుని ధరణి వచ్చింది. శామీర్‌పేట పిల్ల, మందుల కంపెనీలో ఉద్యోగం. బాలనర్సమ్మ కొడుకు అరుణ్‌తో పెళ్ళి నిశ్చయమయ్యాక, అతని అనుమానాలతో వేగలేనని నెల క్రితం ఉంగరం తిప్పి పంపేసింది. ఆమెను చూడగానే బాలనర్సమ్మ మొహం మాడింది.

"ఏంది, మళ్ళొచ్చినవ్?"

"నీ కొడుకును పిలువు అత్తా," అంది ధరణి. "లగ్గం జేసుకునేటోడని నమ్మి ఫొటోలు పంపిన. ఎవ్వరు చూడరానియి. ఇయ్యాల మా కాలనీల అందరి ఫోన్లల్ల ఉన్నయి. మా అన్న గూడ చూసిండు."

బాలనర్సమ్మ కేకేస్తే అరుణ్ పరదా తోసుకుని వచ్చాడు. బుకాయించను కూడా లేదు!

"నలుగురికే పంపిన. వాళ్ళు పంచుకుంటే నేనేం జేస్త? ఇది లగ్గం వద్దన్నదని దోస్తులు మస్తు నవ్విన్రు. నా ఇజ్జత్ పోలే? ఇగ దీనికి గూడ తెల్వాలె గద!"

వాడి కళ్ళలో సిగ్గు లేదు సరికదా, నష్టపోయినవాడి రోషం ఉంది. అన్యాయం తనకే జరిగిందని నిజంగా నమ్ముతున్నాడు ఆ దౌర్భాగ్యుడు.

గౌరయ్య పరదా అవతలి నుంచే సర్దబోయాడు. "లొల్లొద్దు బిడ్డా. పూలు పండ్లు వట్టుకొని రేపే మీ ఇంటికొస్తం. లగ్గమైతే అందరి నోర్లు మూతబడ్తయి."

"దొంగ చేతికే తాళాలిస్తవా మామా?" అంది ధరణి.

బాలనర్సమ్మ కొడుకు చెంప పగలగొట్టింది. "గీ బుద్ధి నీకెవ్వడు నేర్పిండ్రా?"

"నువ్వే గదమ్మా!" అరిచాడు అరుణ్. "ఉంగరమొచ్చిన్నాడు ఏమన్నవ్? దాన్ని నలుగుర్ల నిలబెట్టి ఇజ్జత్ తీస్తెనే మొగోనివి అనలే?"

అన్నది. అన్నం ముందు కూర్చుని, శోకాలు పెట్టి, వారం రోజులు అదే అన్నది. తన కడుపుమంట చల్లారడానికి అన్నది. కొడుకు దాన్ని అనుమతి అనుకున్నాడు. ఊరి ఆడవాళ్ళ మర్యాద కాచిన నోరే ఇంట్లో విషం కక్కింది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నన్ను మాఫ్ జెయ్యి బిడ్డా..."

"నీ ఏడుపు నాకెందుకత్తా? పోలీస్ స్టేషన్ల సాక్ష్యం జెప్తవా?"

"కన్నకొడుకును జైలుకు తోలుతవానే!" గౌరయ్య లబోదిబోమన్నాడు. బాలనర్సమ్మ అరుణ్ చేతిలోని ఫోన్ లాక్కుని చెప్పులు వేసుకుంది.

స్టేషన్లో ఉన్నదున్నట్టు చెప్పింది. తన మాటలూ దాచలేదు. "అవి గూడ రాయాల్నా అమ్మా?" అని రాసే కానిస్టేబుల్ తలెత్తాడు.

"రాయి సారూ. జేసింది వాడు, ఎగదోసింది నేను."

బయట ధరణి ఆటో ఎక్కి, పక్కకు జరిగి చోటిచ్చింది. బాలనర్సమ్మ ఎక్కలేదు. ఆ పిల్ల పక్కన కూర్చునే మొహం ఆమెకు లేదు. కొంగు నోట్లో కుక్కుకుని, ఎండలో నడుచుకుంటూ పోయింది.