నైరుతి రాయి మీద చెయ్యి

సాయంత్రం నాలుగు గంటలు. ముసురు పట్టి మూడు రోజులైంది. వాన అనడానికి లేదు, ఆగిందనడానికీ లేదు. కూకట్‌పల్లి దాటి మాదాపూర్ బండల వైపు పోయే ఎర్రమట్టి బాటలో చెప్పులు దిగబడిపోతుంటే చేత్తో పట్టుకుని నడిచారు నలుగురూ. ముందు పార్థసారథి, ఆయన వెనక అక్క అమ్మణ్ణి, ఆవిడ గొడుగు కింద పన్నెండేళ్ల మేనకోడలు రత్నమాల, అందరికంటే వెనక భార్య భ్రమరాంబ.

పార్థసారథి సనత్‌నగర్లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు గుమస్తా. గుడివాడ నుంచి వచ్చి పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లూ ఒకటే గది, ఒకరి ఇంట్లో కిరాయి. బావి దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో, దీపం ఎప్పుడు ఆర్పాలో ఇంటావిడ చెప్పేది. భ్రమరాంబ ఎదురు చెప్పే మనిషి కాదు. అసలే మాట తక్కువ. కానీ వంట చేస్తున్నా, బట్టలు పిండుతున్నా ఆమె మనసులో ఒక వాకిలి ఉండేది. దానికి ఆమె రోజూ ముగ్గు వేసుకునేది.

ఇప్పుడా వాకిలి కళ్లెదుట ఉంది. రెండు గదులు, పెంకుల వసారా, వెనక పెరడు. పెరడు చివర సీతాఫలం పొదలు. ఇల్లమ్మే రామచంద్రం అప్పటికే వచ్చి వసారాలో బీడీ కాలుస్తున్నాడు.

వారం కిందటే సర్వేయరు లింగమూర్తి అడిగాడు. "సార్, రెండు తీర్ల సర్వేలుంటయ్. దఫ్తర్ల నక్షా ఉంటది, దానికి నకలు తీసిస్త. ఒక్క దినం పని. లేదంటే జరీబు గొలుసు పట్టి, నాలుగు మూలల పొరుగోళ్లను పిలిపిచ్చి, రాయి రాయికి కొలుస్త. ఏది గావాలె?"

నకలు చాలన్నాడు పార్థసారథి. అప్పుడు నోరు విప్పింది భ్రమరాంబ. "కొలిపించండి."

వాళ్ల నాన్న కాగితం చూసి స్థలం కొన్నాడు. ఇల్లు కట్టాక కొలిస్తే పొయ్యి తమవైపూ, పొగగూడు పొరుగువాడి వైపూ తేలాయి. అమ్మణ్ణికి ఆ కథంటే మహా సరదా. "మీ నాన్న వండితే పొరుగువాడు పొగ అమ్ముకున్నాడటగా" అని ఎప్పుడూ దెప్పేది. ఈసారి మాత్రం, "మంచి మాట అందిరా సారథీ, కొలిపించు" అంది. ఆ ఒక్క మాటకే వారమంతా తల కాస్త ఎత్తుకుని తిరిగింది భ్రమరాంబ.

గొలుసు విప్పాడు ఎల్లేశం. లింగమూర్తి దగ్గర గొలుసు పట్టే మనిషి. ముసలాడు. తడిసిన ఇనుము వాసన, రాళ్లకు కొత్తగా పూసిన సున్నం వాసన కలిసి వచ్చాయి. గొలుసు బురదలో గలగలమంటూ సాగింది.

మూల మూలకీ ఒక హద్దు రాయి. ఆ రాయి అవతలి పొరుగు మనిషి వచ్చి రాయి మీద అరచెయ్యి ఆనించి, పేరు చెప్పి నిలబడాలి. గొలుసు అక్కడిదాకా వస్తుంది, లెక్క రాసుకుంటారు. అప్పుడు లింగమూర్తి ఆ మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు. "రామన్నా, చెయ్యి తియ్యి." రామన్న తీశాడు. "నర్సింహా, చెయ్యి తియ్యి." నర్సింహ తీశాడు. "కిష్టమ్మా, చెయ్యి తియ్యి."

రత్నమాలకు ఇదంతా ఆటలా ఉంది. ఎల్లేశం వెనకే తిరిగింది.

"తాతా, మధ్యలో తీసేస్తే ఏమవుతుంది?"

"తీస్తే ఏం గాదు బిడ్డా. మల్ల కొలుస్తం. తియ్యుమని పేరు పెట్టి పిలువకుంటేనే పరేషాన్."

"ఏం?"

ఎల్లేశం ముక్కు తుడుచుకున్నాడు. "మనిషి ఇంటికి పోయినట్టే ఉంటది. గని పోదు. ఆడ్నే నిలవడి ఉంటది. మా తాత చెప్తుండె." ఆపైన తనే నవ్వేశాడు. "జరుగు, గొలుసు కాళ్లకు తలుగుతది."

నాలుగోది నైరుతి రాయి, పెరడు చివర. అక్కడ ఎవరూ లేరు.

"నీలమ్మ రాలే" అన్నాడు లింగమూర్తి. "నాలుగో మూల పడకుంటే సర్వే కాదు సార్. మల్ల నోటీసియ్యాలె. నెల పడుతది."

రామచంద్రం బీడీ పారేశాడు. "నెల దాకా నేనాగ. రేప్పొద్దున ఇంకోళ్లు వస్తుండ్రు. ఇయ్యాల అయితేనే మీకు."

పార్థసారథి భార్య ముఖం చూశాడు. కొలిపించమంది నువ్వేగా అన్నట్టుగా ఉంది ఆ చూపు.

"నేను పిలుచుకొస్తాను" అంది భ్రమరాంబ.

పొదల అవతల ముప్పై అడుగుల్లో ఒక గుడిసె. లోపల వేపాకు పొగ, తడిసిన గొంగడి వాసన. కుక్కి మంచంలో నీలమ్మ. పక్కన చెల్లెలు చంద్రమ్మ కాళ్లు రాస్తోంది. నీలమ్మ కళ్లు తెరిచి, మాట పూర్తిగా విని, భ్రమరాంబ మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది.

"రాయి కాడ నేనే నిలవడాలె. నా పేరు మీద ఇంకోళ్లను నిలవెట్టొద్దు. రేపు పానం జర నిమ్మళమైతే నేనే వస్త. ఒక్క దినం ఆగరాదు బిడ్డా?"

"ఆగుతాం" అంది భ్రమరాంబ.

బయటికి వచ్చింది. ముప్పై అడుగులు. ఆ ముప్పై అడుగుల్లో తనకేమైందో తెలియదని తర్వాత చాలాసార్లు అనుకుంది. తెలియకేం. తెలుసు.

"రాలేనంది" అని చెప్పింది అందరికీ వినిపించేలా. "తన బదులు ఎవరినైనా నిలబెట్టుకోమంది."

లింగమూర్తి ఒక క్షణం ఆమెను చూశాడు. మబ్బు వైపు చూశాడు. "ఆడమనిషి పేరున్నది. ఆడోళ్లే నిలవడాలె. కొనేది మీ పేరు మీద, మీరు పనికిరారు."

"నా మోకాళ్లతో ఆ ముళ్లలోకి నేను పోలేను తల్లీ" అంది అమ్మణ్ణి.

అప్పుడు భ్రమరాంబ కూతురి వైపు తిరిగింది.

లింగమూర్తి పంచనామా కాగితం పెట్టె మీద పరిచి సిరా అద్దే డబ్బా తీశాడు. రత్నమాల ముచ్చటగా ముందుకొచ్చింది. "నేను సంతకం చేస్తానమ్మా. ఇంగ్లీషులో కూడా వచ్చు నాకు."

"నీలమ్మకు సంతకం రాదు" అంది భ్రమరాంబ మెల్లగా. "వేలు అద్దు."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. బొటనవేలు నల్లగా అద్ది కాగితం మీద పెట్టింది. ఆ నలుపు తన చీరకొంగుతో తుడవబోయింది భ్రమరాంబ. పోలేదు. "రెండు దినాలు ఉంటదమ్మా" అన్నాడు ఎల్లేశం, ఆమెకేసి చూడకుండా.

రత్నమాల పొదల్లోకి వెళ్లి రాయి మీద చెయ్యి ఆనించింది. "పేరు చెప్పు" అన్నాడు లింగమూర్తి. పిల్ల తల్లి వైపు చూసింది.

"చెప్పవే" అంది భ్రమరాంబ.

"నీలమ్మ."

గొలుసు గలగలమంది. లెక్క పడింది. అప్పుడే వాన దబదబా అందుకుంది. లింగమూర్తి కాగితాలు చొక్కాలో దోపుకుంటూ కేకేశాడు. "నీలమ్మా, చెయ్యి తియ్యి!"

అందరూ వసారాలోకి పరుగెత్తారు. పిల్ల మాత్రం కదల్లేదు. వానలో నుంచి దాని గొంతు సన్నగా వచ్చింది. "అమ్మా, నన్నేనా?"

కూతుర్ని పేరు పెట్టి పిలిస్తే అంతమందిలో తన అబద్ధం తనే చదివినట్టుంటుందనిపించింది భ్రమరాంబకు. ఊరికే చెయ్యి ఊపింది, రమ్మని.

వచ్చింది. పరుగెత్తి కాదు, మెల్లగా. గట్టు చూసుకుని, ముల్లు చూసుకుని, ఆ దారి కాళ్లకు తెలిసినట్టు నడిచి వచ్చింది.

పది నిమిషాలు కూడా కాలేదు. పొదల అవతల నుంచి ఏడుపు. చంద్రమ్మ తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "నీలక్క పోయింది!"

అందరూ లేచి నిలబడ్డారు. చంద్రమ్మ వసారా స్తంభం పట్టుకుని వగరుస్తూ చెప్పింది. "మూలుగుతున్నదల్లా లేచి కూసున్నది. ఎవరో పిలిచినట్టు, 'ఆఁ, తీస్తున్న' అన్నది. గిట్ల చెయ్యెత్తింది... గంతే."

ఎల్లేశం గొలుసు చుడుతున్నవాడు ఆగిపోయాడు. రత్నమాల వైపు చూశాడు. భ్రమరాంబ వైపు చూశాడు. గొలుసు సగం చుట్టిందే భుజాన వేసుకుని గుడిసె వైపు నడిచాడు. మిగతావాళ్లూ అటే వెళ్లారు. రామచంద్రం తాళంచెవి పార్థసారథి చేతిలో పెట్టి వెళ్లాడు.

కూకట్‌పల్లి బాటలో వాగు పొంగిందన్నారు. ఆ రాత్రికి అక్కడే ఉండక తప్పలేదు. సొంత ఇంట్లో మొదటి రాత్రి. పాలు పొంగించలేదు, దీపం పెట్టలేదు. రామచంద్రం వదిలిపోయిన కందిలి లాంతరు ఒకటి, చాప ఒకటి.

చీకటి పడింది. ఏడైనా కాలేదు. గుడిసెలో ఏడుపు ఆగి ఆగి వినిపిస్తోంది. అమ్మణ్ణి మేనకోడలి తల తుడిచి కుండలో నీళ్లిచ్చింది. గ్లాసు లేదు. పిల్ల అలవాటైనట్టు దోసిలి పట్టి తాగి, "ఇగ చాలు" అంది.

"ఈ ఊరి మాటలు నీకు బాగానే అంటుకున్నాయే" అని నవ్వింది అమ్మణ్ణి.

బడిలో అందరూ అలాగే మాట్లాడతారు. అలాగే అంటుకుని ఉంటుంది. భ్రమరాంబ అలాగే అనుకుంది. పిల్ల చాప మీద పడుకుంది. పిల్లకు కప్పుదామని సంచిలోని చీర పరుస్తూ కందిలి దగ్గరికి లాగింది భ్రమరాంబ.

కుడిచేతి బొటనవేలు.

శుభ్రంగా ఉంది.

ఎడమచెయ్యి చూసింది. అదీ శుభ్రంగానే ఉంది.

"వదినగారూ... దీని వేలు మీరేమైనా తోమారా?"

"నేనెందుకు తోముతాను? చింతపండుందా ఇక్కడ, బూడిదుందా?"

భ్రమరాంబ భర్త దగ్గరికి వెళ్లింది. "ఏమండీ..." అంది. ఆయన గోడ తడిమి చూస్తున్నాడు, తన గోడ. "గట్టి ఇల్లేనే" అన్నాడు, ఎన్నాళ్లకో నవ్వుతూ. చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. ముప్పై అడుగుల నుంచీ చెప్పాలి.

"ఇప్పుడే వస్తాను" అని కందిలి తీసుకుంది.

పెరడు దాటింది. పొదలు తడితో బరువెక్కి చీర పట్టుకున్నాయి. సీతాఫలం ఆకు పచ్చివాసన. వాన చప్పుడు తప్ప మరేం లేదు. గుడిసెలో ఏడుపు ఆగిపోయింది.

రాయి కనిపించింది. సున్నం కారిపోయి నల్లగా తడిసి ఉంది. కందిలి ఎత్తింది.

రాయంతా తడి... ఒక్కచోట తప్ప.

అరచేతి మేర పొడిగా ఉంది. చిన్న అరచెయ్యి. ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. చుట్టూ చినుకులు పడుతున్నాయి. దాని మీద పడటం లేదు. అక్కడిదాకా వచ్చి... పక్కకు చెదిరిపోతున్నాయి.

ఇప్పుడు పిలిస్తే వినేవాళ్లెవరూ లేరు. సిగ్గుపడటానికి ఎవరూ చూడటం లేదు. అప్పుడు పిలవలేకపోయిన పేరు ఇప్పుడు పిలిచింది.

"రత్నమాలా..."

వాన.

"రత్నమాలా... చెయ్యి తియ్యి."

పొడి మచ్చ మీద ఒక చినుకు పడింది. ఇంకొకటి. వేళ్లు ఒక్కొక్కటే తడిసిపోయాయి.

ఆమె వెనక్కి తిరిగి పరుగెత్తింది. వెనక బురదలో అడుగులు... చిన్నవి... పరుగెత్తి వస్తున్నాయి. తిరిగి చూడలేదు. వసారా ఎక్కి, లోపలికి దూకి, తలుపు వేసి గడియ పెట్టింది.

పార్థసారథీ అమ్మణ్ణీ లేచి నిలబడ్డారు. "ఏమైందే?" అన్నాడు ఆయన.

తలుపు మీద తట్టిన చప్పుడు. మెల్లగా.

"అమ్మా... తీశాను. చలేస్తోంది. తలుపు తియ్యవా?"

పార్థసారథి తలుపు వైపు చూశాడు. చాప వైపు చూశాడు. చాప మీద రత్నమాల లేచి కూర్చుంది. కళ్లు పెద్దవి చేసి చీర గడ్డం దాకా లాక్కుంది.

"తియ్యకమ్మా. నాకు భయంగా ఉంది."

రెండూ ఒకటే గొంతు.

భ్రమరాంబ గడియ మీద చెయ్యి ఆనించింది. వాగు దాటలేని వానలో ఇల్లు చేరినవాళ్లను లెక్కపెట్టుకుంది, పైకే, ఒక్కొక్కరినీ చూసి. ఆయన... ఒకటి. వదినగారు... రెండు. తను... మూడు. చాప వైపు చూడకుండా, "నాలుగు" అంది. నలుగురే బయల్దేరారు. నలుగురూ వచ్చేశారు.

"అమ్మా..."

మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఒకటి... రెండు... గడియ మీద చెయ్యి అలాగే ఉంది. తియ్యమని ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. మూడు...