చివర చూడని సినిమా

శనివారం పొద్దున్నే శంకరప్ప ఇంటి అరుగు నిండిపోయింది. మదనపల్లెలో కొత్త సినిమా పడిన మర్నాడు ఆ పల్లెలో ఎప్పుడూ జరిగేది అదే. కురబలకోట దాటి ఇంకా లోపలికి ఉంటుంది ఆ ఊరు. సినిమాకు ఎంతమంది పోయి వచ్చినా, అది బాగుందో లేదో తేల్చేది మాత్రం శంకరప్పే. అతను పళ్లు తోముకుని, భుజాన తువ్వాలు వేసుకుని అరుగు మీద కూర్చునేదాకా ఎవరూ గట్టిగా నోరు మెదపరు. మెదిపినా అది లెక్కలోకి రాదు.

ఇందులో ఒక చిక్కుంది. వాళ్ల ఊరికి పోయే ఆఖరి బస్సు ఫస్టు షో వదలకముందే బస్టాండు నుంచి కదిలిపోతుంది. అది తప్పితే తెల్లారేదాకా బస్టాండు బెంచీల మీద దోమలు కొట్టుకోవాల్సిందే. అందుకని సినిమా మంచి పట్టులో ఉండగా శంకరప్ప లేచి నిలబడి "లేయండప్పా, బస్సు" అంటాడు. ఊరంతా మోకాళ్లు తగిలించుకుంటూ అతని వెనకే బయటికొచ్చేస్తుంది. వాళ్లు చూసిన ఏ సినిమాకూ చివర లేదు. బస్సులో కూర్చున్నాక ఎవరి చివర వాళ్లు కట్టుకుంటారు. తెల్లారేసరికి శంకరప్ప కట్టిన చివరే అందరికీ ఖాయమైపోతుంది. ఏళ్లతరబడి ఇలాగే సాగడంతో, తాము చూడలేదన్న సంగతే వాళ్లు మరచిపోయారు.

రాత్రి చూసిన సినిమాలో ఒక పల్లెటూరి పిల్ల టైపు నేర్చుకుని పట్నంలో ఉద్యోగానికి పోతుంది. అక్కడి మేనేజరు ఆ పిల్లకు లేనిపోని చెడ్డపేరు అంటగడతాడు. ఉద్యోగం పోతుంది, అద్దెగది పోతుంది. ట్రంకుపెట్టె పట్టుకుని వానలో బస్టాండులో నిలబడి ఉండగా శంకరప్ప లేచాడు.

"ఆ మేనేజరే మనసు మార్చుకోని తాళి కట్టేసింటాడు," అన్నాడు పక్కింటి నరసింహులు.

శంకరప్ప తల్లి బయ్యమ్మ గడపలో కూర్చుని వక్క నములుతోంది. "తాళీ లేదు, పాడూ లేదు. తల్లొచ్చి బిడ్డని పిల్సుకపోయింటాది," అంది.

శంకరప్ప ఇద్దరి మాటా తీసేశాడు. "ఆ పిల్ల ఊరికి తిరిగొచ్చింటాది. పోయిన మానం తిరిగొస్తాదా? నాయన గడప తొక్కనిచ్చుండడు. ఆ గడపలోనే సచ్చింటాది. ఇంటి పట్టున ఉండాల్సిన ఆడపిల్ల ఉద్యోగానికని పోతే అంతే. బలే తీసినాడప్పా సినిమా."

లోపల రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుతున్న తిమ్మక్క చెయ్యి ఆగింది. ఆమె శంకరప్ప భార్య. పెళ్లయినప్పటి నుంచి అతని వెనక సినిమాలకు పోతూనే ఉంది, అతను లేస్తే లేస్తూనే ఉంది. సినిమా ఎట్లుండాదని ఆమెను ఇంతవరకూ అడిగినవాళ్లు లేరు. అదేమంత బాధ కాదు ఆమెకు. ఈరోజు గుండెలో కలుక్కుమన్నది వేరే. వాళ్ల కూతురు నాగరత్న కూడా టైపు నేర్చుకుంది. కుప్పంలో పట్టుపరిశ్రమ ఆఫీసులో ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది. ఎల్లుండి కాక ఆపై సోమవారం పోయి చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నిన్నటిదాకా శంకరప్ప కూడా మీసం తిప్పుకుంటూ అందరికీ చెప్పుకున్నాడు.

జనం పోయాక అతను లోపలికొచ్చి సంగటి ముందు కూర్చున్నాడు. ముద్ద తుంచుతూ, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు. "పాప కుప్పం పొయ్యేది లేదు."

నాగరత్న చేతిలో చెంబు కింద పెట్టింది. "యాల నాయనా?"

"రాత్రి సూడలేదా నువ్వు?"

"అది సినిమా నాయనా."

"ఊరికే తీస్తారా సినిమా? జరిగేదే గదా తీసేది."

తిమ్మక్కకు ఒళ్లు మండింది. "సినిమాలో ఆ పిల్ల ఏమైందో నువ్వేమన్నా సూసినావా? మనం బస్సుకని లేసొచ్చేస్తిమి గదా."

"సూడాల్నా ఏంది, తెలిసేదే గదా. మజ్జిగ పొయ్యి."

ఆమె మజ్జిగ పోసింది. రెండు రోజులు ఆ ఇంట్లో ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. నాగరత్న ట్రంకుపెట్టెలో సర్దుకున్న చీరలన్నీ తీసి మళ్లీ దండెం మీద వేసింది. ఆ పిల్ల ఏడ్చి గోల చేసినా తిమ్మక్క తట్టుకునేదే. ఆ చీరలు చూస్తుంటే మాత్రం పొయ్యి ముందు కూర్చోబుద్ధి కాలేదు. మాట వినని మనిషితో ఎంత పోట్లాడినా గోడకు తల కొట్టుకున్నట్టే. సినిమా చూసి మనసు మార్చుకున్నవాడికి సినిమాతోనే జవాబు చెప్పాలి. చివరికి ఆ పిల్లకు మంచే జరిగి ఉంటుంది, సినిమాల్లో అలాగే కదా జరిగేది. ఆ చివర చూసొచ్చి అతని ముందు పెడితే ఇంకేమంటాడు? అనుకున్నాక ఆమెకు ప్రాణం కాస్త లేచొచ్చింది.

బుధవారం టమాటా గంపతో పాటు తానూ బస్సెక్కింది. "యాడికి?" అని బయ్యమ్మ అడిగితే "పనుండాది అత్తా," అంది.

మదనపల్లెలో టాకీసు పక్క సందులో మహబూబ్ బాషా గాజుల అంగడి ఉంది. అతని భార్య మైమూన్ బీకి తిమ్మక్కతో ఎప్పటినుంచో స్నేహం. వచ్చిన ప్రతి సినిమానూ మ్యాట్నీకి పోయి చూస్తుంది మైమూన్ బీ. కొన్నింటిని రెండుసార్లు చూస్తుంది.

"ఆ సినిమా ఆఖర్న ఏమైతాది మైమూనూ?" అని అడిగింది తిమ్మక్క, గంప దించీ దించకముందే.

"నేను సెప్తే ఏముంటాది తిమ్మక్కా. నువ్వే సూడు. ఏడ్సి ఏడ్సి నా కండ్లు వాసిపోయినాయి. నేనూ వస్తా పద," అంటూ ఆమె బురఖా అందుకుంది.

ఏడుపు మాట వినగానే తిమ్మక్కకు గుబులు పట్టుకుంది. అయినా పోయి ఆడవాళ్ల బెంచీల్లో కూర్చుంది. వాన సీను వచ్చింది. అలవాటు కొద్దీ కాళ్లు లేవబోయాయి. మైమూన్ బీ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆపైన తెర మీద జరిగేది తిమ్మక్క ఎన్నడూ చూడనిది.

ఆ పిల్ల బస్సెక్కి ఊరికొచ్చింది. వానలో తలుపు కొట్టింది. లోపల తండ్రి మంచం మీద లేచి కూర్చున్నాడు గానీ గడియ తీయలేదు. తెల్లారి తలుపు తీస్తే గడపలో పిల్ల చచ్చిపడి ఉంది. తండ్రి గుండెలు బాదుకుని ఏడ్చాడు. టాకీసు మొత్తం ఏడ్చింది. శంకరప్ప చెప్పింది చెప్పినట్టే జరిగింది.

తిమ్మక్కకు ఏడుపు రాలేదు. ఆమె చూపు ఆ పిల్ల తల్లి మీదే ఉండిపోయింది. ఆ తల్లి లోపల వాకిలి పక్కనే నిలబడి ఉంది, చీర చెంగు నోట్లో కుక్కుకుని. పిల్ల తలుపు కొట్టినంతసేపూ అక్కడే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క అడుగు వేయలేదు.

"బాగా తీసినాడు గదా," అంది మైమూన్ బీ ముక్కు తుడుచుకుంటూ.

తిమ్మక్క పట్టుకుపోదామని వచ్చిన సాక్ష్యం తన మీదికే తిరగబడింది. ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవాలి? బస్సులో కిటికీ పక్కన కూర్చుని అబద్ధం ఒకటి కట్టుకుంది. కలెక్టరు వచ్చి ఆ పిల్లకు మళ్లీ ఉద్యోగం ఇప్పించాడని, మేనేజరును జైల్లో వేశారని. ఊళ్లో ఇంకెవరూ చూడలేదు, ఇక చూడరు కూడా. ఆ అబద్ధానికి అడ్డేమీ లేదు.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పొద్దు గూకుతోంది. అరుగు మీద శంకరప్ప, నరసింహులు, ఇంకో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు.

"యాడికి పోయినావు మే?" అన్నాడు శంకరప్ప.

"సినిమాకి."



"సూసిన సినిమానే మళ్లా సూసేదేంది?"

"సూడని ముక్క సూసొచ్చినా."

నరసింహులు ముందుకు వంగాడు. "అట్లయితే సెప్పు వదినా. ఏమైంది ఆ పిల్ల?"

కలెక్టరు మాట తిమ్మక్క నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో వాకిలి వైపు చూసింది. నాగరత్న తలుపు పక్కనే, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అచ్చం ఆ సినిమా తల్లి నిలబడినట్టే. నా కూతురికి ఇప్పుడే ఈ నిలబడటం అలవాటైందా అనుకుంది తిమ్మక్క. కట్టుకొచ్చిన అబద్ధం అక్కడే వదిలేసింది.

"సచ్చిపోయింది," అంది.

శంకరప్ప తొడ చరిచాడు. "సెప్పలా నేను? సూడకుండానే సెప్పినా."

"అవును, నువ్వు సెప్పినట్లే. వానలో ఇంటికొచ్చి తలుపు కొట్టింది. నాయన గడియ తీయలా. తెల్లారేటప్పటికి గడపలో పీనిగై ఉండాది."

"ఇంకేం మరి?"

"ఇంకా ఉండాది, విను. ఉద్యోగం ఆ పిల్లని సంపలా. ఉద్యోగం పోయినా బతికే ఉండాది, పేరు పోయినా బతికే ఉండాది. బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది. ఇంటికొచ్చినాకే సచ్చింది."

తిమ్మక్క గంప కింద పెట్టింది.

"ఆ తల్లి లోపలే ఉండాది. గడియ తీసేదానికి ఆమెకి సేతుల్లేవా? టాకీసంతా బలే తీసినాడని ఏడ్సినారు. నాకు మాత్రం ఆ సినిమా నచ్చలా. తీసినోడు ఎవుడో గానీ, ఆడపిల్లని కన్న ఒక్కరినన్నా అడిగి తీసుండడు."

"సినిమా సంగతి అట్లుంచు మే. లోపలికి పద," అన్నాడు శంకరప్ప. నలుగురిలో భార్య ఇంత మాట్లాడటం అతనికి కొత్త.

"పోతా. ముందు ఇది సెప్పు. నువ్వు ఆఖరు సూడకుండానే సెప్పినావే, నాయన గడప తొక్కనిచ్చుండడని. సూడనప్పుడు అది యాడ్నించి వచ్చింది నీకు? ఎవురి నాయన గురించి సెప్పినావు?"

శంకరప్ప తల తిప్పాడు. వాకిట్లో నిలబడిన కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల చెంగు దించి అతని కళ్లలోకే చూస్తోంది, జవాబు కోసం.

"నేను గడియ పెడతాననా మీరనుకునేది?" అన్నాడు చివరికి. అరుగు మీద తీర్పు చెప్పే గొంతు కాదది.

"నాకేం తెలుసు? నా బిడ్డ మాత్రం కుప్పం పోతాది. బాగుంటే ఆడుంటాది, బాగలేకుంటే ఈడికొస్తాది. నువ్వు గడియ పెట్టుకుంటానంటే పెట్టుకో. నేను తీస్తా."

నరసింహులు మెల్లగా చెప్పులు వేసుకున్నాడు. మిగిలినవాళ్లూ లేచారు. గడపలో బయ్యమ్మ వక్క ఉమ్మేసి, "తల్లొచ్చి పిల్సుకపోతాదనే నేను అనుకున్నా. అట్ల తీసింటే బాగుండు," అని గొణిగింది.

ఆ పూట శంకరప్ప సరిగ్గా తినలేదు. తిమ్మక్క కూడా బతిమాలలేదు. మర్నాడు పొద్దున ఆమె పేడకళ్లు ఎత్తి వచ్చేసరికి, అతను వసారాలో గొంతుక్కూర్చుని ట్రంకుపెట్టె తాళానికి నూనె పోస్తున్నాడు. దండెం మీది చీరలు పెట్టె పక్కన ఉన్నాయి, మగవాడు మడిచినట్టు వంకరటింకరగా. ఆమె కూర్చుని వాటిని మళ్లీ మడిచింది.

సోమవారం ముగ్గురూ మొబ్బులోనే, ఇంకా చీకటి ఉండగానే బయలుదేరారు. మదనపల్లెలో కుప్పం బస్సెక్కారు. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు శంకరప్ప దిగి, అరటిపండ్లు కొనుక్కొచ్చి కూతురి ఒళ్లో పెట్టాడు. కిటికీ బయట నిలబడే, బస్సు చువ్వ పట్టుకుని అన్నాడు.

"పాపా, ఉద్యోగం బాగుంటే మంచిదే. బాగలేకున్నా, ఎవుడేమన్నా, ఎవురికీ జవాబు సెప్పాల్సిన పని లేదు. నేరుగా ఇంటికి రా. ఏ పొద్దైనా సరే. మీయమ్మ లేసేలోపల తలుపు నేను తీస్తా."

నాగరత్న చువ్వ మీది అతని చెయ్యి పట్టుకుంది. "వస్తా నాయనా," అంది. కండక్టరు విజిలు వేస్తే గానీ అతను బస్సెక్కలేదు.

కుప్పంలో ఆఫీసు చూశారు. ఆ పిల్ల ఉండబోయే ఇల్లూ, ఇంటామెనూ చూశారు. తిరుగు బస్సులో తిమ్మక్క పక్క సీటు ఖాళీగా ఉంటే అక్కడ కూతురికి పచ్చళ్లు పట్టుకుపోయిన ఖాళీ గంప పెట్టుకుంది. వెనక సీట్లో ఉన్న శంకరప్ప పలమనేరు దాటాక లేచొచ్చి, గంప తీసి కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు.

"మే. ఆ సినిమాలో ఆ నాయన ఏడ్సినాడా ఆఖర్న?"

"ఏడ్సినాడు."

"ఎప్పుడు? తలుపు తీసినాకనా?"

"తీసినాకనే."

శంకరప్ప తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. అతని మొహం అప్పటికే తడిసి ఉందని ఆమె అప్పుడు చూసింది.

"నేను ముందే ఏడ్సేసినాలే," అన్నాడు.

తిమ్మక్కకు నవ్వొచ్చింది, ఆ వెనకే టాకీసులో రాని ఏడుపంతా వచ్చింది. ఆమె అతని తువ్వాలు అంచు అందుకుని కళ్లు తుడుచుకుంది. బస్సు పుంగనూరు వైపు పోతోంది.