రక్తం క్యూ మింగిన మెసేజ్‌లు

ఆ ఆఫీసులో రక్తం క్యూ అంటే అందరికీ హడల్. రక్తం కావాలని ఆసుపత్రి వార్డులు పంపే మెసేజ్‌లన్నీ అందులో వరుస కట్టి బ్లడ్ బ్యాంకుకి చేరాలి. రాత్రిపూట మాత్రం కొన్ని... మాయమైపోతాయట. ఎర్రర్ ఉండదు. ఆనవాలూ ఉండదు.

"అందులో ఏదో ఉందే పిల్లా. రాత్రి డ్యూటీలో దాని జోలికి పోకు," అని పక్క సీటు అక్క చెవిలో ఊదింది.

కొత్తగా చేరిన ఆ అమ్మాయి నవ్వేసింది. దాని కోడ్ రాసింది టీం లీడర్ మరి! వెన్నెల కురిసినట్టు మాట్లాడే మనిషి. ఆయన చెయ్యి పడ్డ చోట దెయ్యమా?

ఆ రాత్రి తను ఒక్కతే. పాత కోడ్‌లో కొత్త లైబ్రరీ, అంటే వచ్చే మెసేజ్‌లను తనిఖీ చేసే రెడీమేడ్ కోడ్, పెట్టాలి. అది మహా చాదస్తపుది — ఏ గడిలో అంకె, ఏ గడిలో మాట అని ముందే చెప్పించుకుంటుంది. తేడా వస్తే అడుగు కదలనివ్వదు.

ఒకచోట అది ఆగిపోయింది. తెర మీద ఎర్రటి గీత.

గీత పడ్డ కోడ్ లైను చదివింది. మళ్లీ చదివింది... మెసేజ్ సరైన రూపంలో లేకపోతే, వార్డుకి 'అందింది' అని చెప్పు. అవతల పారెయ్.

టీం లీడర్‌కి ఫోన్ చేసింది.

"సర్... ఇది మీరేనా రాసింది?"

ఆవలింత. "ఓ, అదా! ఒక వార్డులో మెషీన్ పాతది తల్లీ. ఎన్ని సీసాలో అంకె వెయ్యమంటే అక్షరాల్లో 'రెండు' అని పంపి చస్తుంది. ప్రతిసారీ ఎర్రర్, అర్ధరాత్రి నాకు ఫోన్. మనిషన్నాక నిద్రపోవద్దూ?"

"మరి... దెయ్యం అని అందరూ..."

"నేనే పుట్టించా! లేకపోతే మీలాంటివాళ్లు కెలక్కుండా ఉంటారా?"

ఆ నవ్వు జిగురులా చెవికంటుకుంది. ఫోన్ పెట్టేసి చెవి తుడుచుకుంది. వెన్నెలట... ఛీ!

సర్వర్‌లో ఓ మూల, ఎవరూ తెరిచి చూడని పాత మెసేజ్‌ల నకళ్లు ఉంటాయి. పోయిన నెలవి తీసి, కొత్త లైబ్రరీ ముందు ఒక్కొక్కటే పెట్టింది.

ఒంటిగంటా పది. ప్రసూతి వార్డు, ఏడో మంచం. రెండు సీసాలు, త్వరగా. — లైబ్రరీ ఒప్పుకోలేదు.

ఒంటిగంటా పాతిక. రెండు. ఇంకా రాలేదు. — ఒప్పుకోలేదు.

ఒంటిగంటా నలభై. రెండు... దయచేసి. — ఒప్పుకోలేదు.

ప్రతిదాని కిందా, ఆ రాత్రి వార్డుకి వెళ్లిన జవాబు: అందింది. అందింది. అందింది.

రాత్రి రెండు దాటాక, అదే మంచం నుంచి ఇంకొకటి. ఇందులో సీసాల గడే లేదు. లైబ్రరీ దాన్ని ఒక్క మాటైనా అనకుండా లోపలికి రానిచ్చింది.

"రక్తం ఇక అక్కర్లేదు."