బృందం కాదు, అమృతమ్మ

గురువారం, సెలవు రోజు పొద్దున. గల్ఫ్ దేశంలో, మెసయీద్‌లోని కంపెనీ క్వార్టర్లో అమృతమ్మ పెసరట్లు వేస్తోంది. కొడుకు ఎడ్విన్ అక్కడి ఎరువుల ఫ్యాక్టరీలో అకౌంట్స్ సూపర్‌వైజరు. అది తొంభై ఆరు. రెండు నెలల క్రితం అతను విజిట్ వీసా పంపిస్తే, నరసాపురం దగ్గరి పల్లె నుంచి మొదటిసారి విమానమెక్కి వచ్చిందామె. కోడలు పెర్సిస్ పచ్చడి రుబ్బుతుంటే, ఎనిమిదేళ్ళ మనవరాలు ఫెబి వంటగది గుమ్మంలో కూర్చుని నానమ్మనే చూస్తోంది.

"నానమ్మా, అట్టు తిప్పేటప్పుడు కాలెందుకు ఆడిస్తావ్?"

"నోట్లో పాట ఉంటే కాలు ఊరుకోదు తల్లీ."

"ఏం పాట?"

ముందుగదిలోంచి ఎడ్విన్ గట్టిగా పిలిచాడు. "ఫెబీ! వచ్చి హోంవర్క్ చూసుకో."

ఫెబి మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. అమృతమ్మ వచ్చినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. తన పాత రోజుల ప్రస్తావన వస్తే చాలు, కొడుకు ఏదో ఒక వంకతో మాట తుంచేస్తున్నాడు.

మర్నాడు శుక్రవారం వాళ్ళింట్లోనే తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక. ముప్పైమంది దాకా వస్తారు. వంటకి సరుకులు కావాలని టిఫిన్లయ్యాక అందరూ కారులో నగరంలోని నజ్మా పేటకి బయల్దేరారు. ఆ ఇరుకు సందుల్లో మన కొట్లూ మన హోటళ్ళూ చూస్తే అమృతమ్మకి ప్రాణం లేచొస్తుంది. కూరల కొట్లో ఆమె వంకాయలు ఏరుతుండగా వెనకనుంచి ఒక గొంతు ఖంగుమంది.

"ఏమ్మా, ఆ పుచ్చుదాన్ని కూడా తీసుకుంటున్నావే! కళ్ళు కనపడట్లేదా?"

అమృతమ్మ చేతిలో వంకాయ జారిపోయింది. ఆ గొంతు ఆమెకి కొత్త కాదు. పదిహేనేళ్ళపాటు వేదిక మీద తన కుడిపక్కన నిలబడి, జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన గొంతు అది. వెనక్కి తిరిగింది.

"ఇందిరా!"

"ఒసే అమృతా! నువ్వేంటే ఇక్కడ? చచ్చిపోయావనుకున్నాను కదే!"

"నువ్వుండగా నేనెలా చస్తానే?"

అరవై ఏళ్ళ ఆడవాళ్ళిద్దరూ కూరల బుట్టల మధ్య కావిలించుకుని, ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియకుండా ఊగిపోయారు. ఇందిరాదేవి నజ్మాలోనే ఖమర్ సుల్తానా అనే హైదరాబాదు ఆవిడ ఇంట్లో వంట చేస్తోంది. మూడేళ్ళయిందట వచ్చి. పెర్సిస్ ముచ్చటపడి, పక్క హోటల్లో టీ తాగుదాం రమ్మంది. ఎడ్విన్ మాత్రం సరుకుల పని ఉందంటూ వెళ్ళి, మళ్ళీ వచ్చి ఆ బల్లకి కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"నానమ్మా, ఈవిడ నీకెలా తెలుసు?" అంది ఫెబి.

"మీ నానమ్మ బుర్రకథ చెప్పేది. తంబుర పట్టుకుని మధ్యలో తను. డక్కీలు వాయిస్తూ వంత పాడేది ఇటు నేను, అటు ఆంజనమ్మ. గోదావరికి ఇవతలా అవతలా మా ముగ్గురూ తెలియని ఊరు లేదు. మద్రాసు వెళ్ళి గ్రామఫోను రికార్డు కూడా ఇచ్చాం తెలుసా?" అంది ఇందిరాదేవి.

"ఆ రోజు గుర్తుందా?" అంది అమృతమ్మ. కళ్ళు మెరిశాయి.

"మర్చిపోతానా? మూడు గంటలు పట్టే పడవ సూరమ్మ కథని రెండు వైపులా కలిపి ఏడు నిమిషాల్లో చెప్పమన్నాడా రికార్డింగు ఇంజనీరు. పైగా గజ్జెలు విప్పేయమన్నాడు. డక్కీలు మరీ మోగుతున్నాయని నన్నూ ఆంజనమ్మనీ గోడ దగ్గరికి తోసి, మధ్యలో దుప్పటంత తెర కట్టాడు."

"తెర కడితే ఎలా? ఆంజనమ్మ నా భుజం చూసి తాళం అందుకునేది. భుజం కనపడకపోతే వంత ఆలస్యంగా పడుతోంది. మళ్ళీ మళ్ళీ పాడించి మమ్మల్నే తిడుతున్నాడు. అప్పుడు చెప్పాను. తెర తీస్తారా, మమ్మల్ని రైలెక్కమంటారా అని."

"అంతమంది మగాళ్ళ మధ్య నడుం మీద చెయ్యేసుకుని అడిగిందమ్మా మీ అత్తగారు!" అంటూ ఇందిరాదేవి పెర్సిస్ చెయ్యి పట్టుకుంది. "తెర తీశాడు. ఒక్క దెబ్బలో అయిపోయింది."

"ఆ రికార్డు ఇప్పుడుందా?" అంది పెర్సిస్.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఉంచుకోలేదమ్మా. అచ్చయి వచ్చాక చూస్తే మా మేనేజరు పేరు ఇంత లావున ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'మరియు బృందం' అని ఉంది. ఆంజనమ్మ వేలితో ఆ మాట తడిమి, ఇందులో నేనెక్కడున్నానే అని అడిగింది. పోయేదాకా ఆ దిగులు పోలేదు దానికి" అంది అమృతమ్మ.

టీలు చల్లారిపోయాయి. లేవబోతూ అమృతమ్మ అంది: "రేపు మా ఇంట్లో కూడిక. నువ్వు రావాలి. మా వాడు వచ్చి తీసుకెళ్తాడు."

ఎడ్విన్ బిల్లు కట్టడానికి లేచిపోయాడు.

ఇంటికి చేరగానే అతను సరుకులు లోపల పెట్టి, ఫెబిని గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేశాడు.

"రేపు ఆవిడ రావడానికి వీల్లేదమ్మా."

"ఏం? అంటురోగమా దానికి?"

"ఒకరింట్లో వంటపని చేస్తోంది. రేపు వచ్చేవాళ్ళంతా ఆఫీసుల్లో, హాస్పిటళ్ళలో..."

"రెండు నెలలుగా నీ ఇంట్లో నేను చేస్తున్నదేంటి? వంటే కదా!"

"అది కాదమ్మా." ఎడ్విన్ తల పట్టుకున్నాడు. "నువ్వు మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యావని ఇక్కడ అందరికీ చెప్పాను. ఆవిడ వస్తే, టీ కొట్లో వాగినట్టు వాగితే నా పరువేం కావాలి?"

అమృతమ్మ నిదానంగా కుర్చీలో కూర్చుంది.

"నా చదువు ఏడో క్లాసులో ఆగిపోయిందిరా. జీతం లేకుండా టీచరు ఉద్యోగం వేయించావా నాకు?"

"నవ్వులాట కాదమ్మా ఇది!"

"నేను నవ్వట్లేదు. నేనేం దొంగతనం చేశానని దాస్తున్నావ్?"

ఎడ్విన్ గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "హాస్టల్లో నా కాళ్ళకి గజ్జెలంటూ సీసామూతల దండలు కట్టేవాళ్ళు, తెలుసా నీకు? మీ అమ్మ ఎలా గెంతుతుందో గెంతి చూపించరా అని చుట్టూ నిలబడేవాళ్ళు. వార్డెన్ కూడా చూసి నవ్వేవాడు. నువ్వు నన్ను చూడ్డానికి వస్తే గేటు బయటే ఉండమనేవాణ్ణి. ఎందుకనుకున్నావ్?"

అమృతమ్మకి గేటు బయట వేపచెట్టు కింద జంతికల డబ్బాతో నిలబడిన రోజులన్నీ కళ్ళముందు తిరిగాయి. మగపిల్లాడు కదా, అమ్మ కొంగు పట్టుకుంటే నామోషీ అనుకుంటున్నాడేమోనని సరిపెట్టుకుంది అప్పట్లో.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెబితే మానేసేదానివా?"

ఆమె తల ఎత్తి కొడుకు కళ్ళల్లోకి చూసింది.

"లేదు. మానేదాన్ని కాదు. నిన్ను ఆ హాస్టల్లోంచి తీసుకొచ్చేసేదాన్ని. ఆ వార్డెన్ని నడివీధిలో నిలబెట్టి కడిగేసేదాన్ని. కథ మాత్రం మానేదాన్ని కాదు. నవ్విన వాళ్ళది తప్పురా, పాడినదానిది కాదు. నీ మనసు అంత కష్టపడిందని నాకు తెలియకపోవడం ఒక్కటే నా బాధ."

"ఒక్క పూటకి... నా కోసం టీచర్‌నని అనలేవా?"

"అనను. ఆ రోజు రికార్డు మీద బృందం అని వేశారు. ఇవాళ నువ్వు టీచరని వేశావు. ఇక నా పేరు నేనెప్పుడు చెప్పుకోవాలిరా? ఇందిర రాకూడదంటే నేనూ ఆ గదిలోకి రాను. నా బట్టలు సర్దుకుని ఊరెళ్ళిపోతాను."

ఎడ్విన్ చివాలున లేచి బయటికి వెళ్ళిపోయాడు. అంతా వింటున్న పెర్సిస్ ఫోన్ దగ్గరికి వెళ్ళింది. కూడికకి నజ్మా నుంచి వ్యాన్‌లో వచ్చే కుటుంబం ఒకటుంది. వాళ్ళకి ఫోన్ చేసి, ఇందిరాదేవిగారిని కూడా ఎక్కించుకు రమ్మని చెప్పింది. తర్వాత అత్తగారి పక్కన వచ్చి కూర్చుంది.

"ఆయన చెప్పమన్నట్టే ఇన్నాళ్ళూ నేనూ అందరికీ చెప్పానత్తయ్యా. ఇక చెప్పను."

మర్నాడు పొద్దున్నే ఎడ్విన్ ముందుగదిలో సోఫాలు జరిపి తివాచీలు పరిచాడు. అందరితోపాటు వ్యాన్‌లోంచి ఇందిరాదేవి దిగేసరికి అతని ముఖం మాడిపోయింది. పెర్సిస్ ఎదురెళ్ళి, "రండి పిన్నిగారూ" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అమృతమ్మ పక్కన కుర్చీ వేసింది.

పాటలయ్యాయి, ప్రార్థనయింది. కూడిక నడిపే పెద్దమనిషి కృపారావు గారు కళ్ళజోడు సర్దుకుని, చిరునవ్వుతో అమృతమ్మ వైపు తిరిగారు.

"మన ఎడ్విన్ తల్లిగారు మన మధ్య ఉండటం సంతోషం. ఎందరో పిల్లలకి విద్యాబుద్ధులు నేర్పిన టీచరుగారు. రెండు మాటలు చెప్పండమ్మా."

అమృతమ్మ లేచి నిలబడింది. ఎడ్విన్ తల వంచుకున్నాడు.

"అందరికీ వందనాలు. నేను టీచర్ని కాదు బాబూ. బుర్రకథ చెప్పేదాన్ని. ఇదిగో, ఈ ఇందిరాదేవి నా పక్కన వంత పాడేది. ఇంకొక మనిషి ఉండేది, ఆంజనమ్మ అని. ఇప్పుడు లేదు. మేం ముగ్గురం రాత్రంతా నిలబడి కథ చెబితే వేలమంది కదలకుండా కూర్చునేవాళ్ళు. దేవుడు నాకిచ్చింది ఆ గొంతే. దాని గురించే రెండు మాటలు చెప్పగలను."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. కృపారావు గారు ఇబ్బందిగా కదిలారు.

"ఇప్పుడు ఆ సంగతులెందుకమ్మా? పాత జీవితం ఎలాంటిదైనా ప్రభువు క్షమిస్తాడు."

"నేను క్షమించమని అడగలేదు బాబూ. అందులో పాపమేముంది?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "స్టేజీ మీద గెంతడమా, ఈ వయసులో చెప్పుకోవడానికి..." అన్న మాట సగం వినిపించింది.

ఆ నవ్వు ఎడ్విన్‌కి బాగా తెలుసు. వేరే నోటి నుంచి, వేరే ఊళ్ళో, ఎన్నోసార్లు విన్నాడు. విన్న ప్రతిసారీ తల వంచుకున్నాడు. ఇప్పుడూ వంచుకునే ఉన్నాడు. తల ఎత్తితే ఎదురుగా తల్లి కనిపించింది. ఆమె నవ్విన వాళ్ళ వైపు నిటారుగా నిలబడి చూస్తోంది. రెప్ప కూడా వేయడం లేదు. నలభై ఏళ్ళ మనిషికి, తనిన్నాళ్ళూ ఎవరిని చూసి సిగ్గుపడ్డాడో, ఎవరిని చూసి పడాల్సిందో ఒక్కసారిగా తెలిసొచ్చింది.

అతను లేచాడు.

"ఎవరు నవ్వారో నేనడగను. అబద్ధం చెప్పింది నేను, ఆవిడ కాదు. మా అమ్మ ఇప్పుడు కథ చెబుతుంది. వినేవాళ్ళు కూర్చోండి, వినలేనివాళ్ళు వెళ్ళొచ్చు."

"ఎడ్విన్!" అన్నారు కృపారావు గారు.

"క్షమించండి అన్నా. ఇది మా ఇల్లు."

రెండు కుటుంబాలు లేచి వెళ్ళిపోయాయి. మిగతావాళ్ళు అటూ ఇటూ చూసుకుంటూ ఉండిపోయారు. ఇందిరాదేవి వంటగదిలోంచి డక్కీలకి బదులు రెండు సత్తు గిన్నెలు తెచ్చి బోర్లించింది. అమృతమ్మ చీరకొంగు నడుముకి బిగించింది.

"గట్టు తెంచుక గోదారి గడప లోపలికొచ్చె..."

"తాన తందాన!"

"గడ పట్టి సూరమ్మ గుమ్మాన నిలిచె..."

మొదట గొంతు కాస్త బొంగురుపోయింది. నాలుగో చరణానికల్లా గోడలు మోగాయి. ఇందిరాదేవి మధ్యలో ఒక ఛలోక్తి విసిరితే కూడికకి వచ్చిన నర్సులిద్దరు పకపకా నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. వరదలో సూరమ్మ ఊరి పిల్లల్ని పడవెక్కించే చోట పెర్సిస్ కళ్ళు తుడుచుకుంది. ఫెబి అయితే తందాన అనడానికి ఇందిరాదేవి కంటే ముందే నోరు తెరుస్తోంది. కృపారావు గారు చివరిదాకా కళ్ళు మూసుకునే కూర్చున్నారు. మెచ్చుకోలేదు. భోజనం చేసి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "వందనాలు, అమృతమ్మగారూ" అన్నారు. టీచరుగారని అనలేదు.

మధ్యాహ్నం ఇందిరాదేవిని దిగబెట్టడానికి ఎడ్విన్ తనే కారు తీశాడు. దారంతా ఇద్దరు స్నేహితురాళ్ళూ వెనక సీట్లో ఆంజనమ్మ కబుర్లే చెప్పుకున్నారు. ఎడ్విన్ రెండు మూడుసార్లు అద్దంలోంచి వాళ్ళని చూశాడు. 

నజ్మాలో కారు ఆగగానే ఖమర్ సుల్తానా గేటు తీసింది. "ఇందిరా, వచ్చినవా? యే సాబ్ కౌన్? ఎవరు వీళ్ళు?"

ఎడ్విన్‌కి ఇబ్బంది ఎందుకని ఇందిరాదేవే గబుక్కున దిగింది. "ఏం లేదమ్మా, తెలిసినవాళ్ళు. దారిలో దింపారంతే."

ఎడ్విన్ కారు దిగి గేటు దగ్గరికి వచ్చాడు. సందులో అటూ ఇటూ పోయేవాళ్ళకి కూడా వినపడేలా చెప్పాడు.

"తెలిసినవాళ్ళం కాదమ్మా, ఇంటివాళ్ళం. ఇందిరాదేవిగారు మా పిన్ని. పెద్ద కళాకారిణి. కారులో ఉన్నది మా అమ్మ. నేను బుర్రకథ అమృతమ్మ కొడుకుని."

ఖమర్ సుల్తానా ఆశ్చర్యంగా ఇందిరాదేవిని ఎగాదిగా చూసి, "అయ్యో, ఎన్నడూ చెప్పలేదు కదా! అమ్మని కూడా దిగమను బేటా, చాయ్ తాగి పోవాలె" అంది.

ఎడ్విన్ వచ్చి వెనక తలుపు తెరిచాడు. నిన్నటి గొడవలో గానీ, ఇవాళ అంతమంది ఎదుట గానీ కంట తడి పెట్టని మనిషి, ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి.

"దిగమ్మా. లోపలికి రమ్మంటున్నారు."

"వస్తాన్రా," అంది అమృతమ్మ కొంగు వెతుక్కుంటూ. "కాస్త ముఖం తుడుచుకోనీ."