ఏడో మేఘం

ఒంగోలులో ఎవరైనా ఆట ఓడిపోయి పదకొండేళ్ళయింది. ఈ 2087లో సిటీబస్సు ఎక్కితే చిన్నా పెద్దా అందరి చేతుల్లోనూ ‘బుల్లి ఉడుత’ చేతియంత్రమే. పూర్వం టీవీకి తగిలించి ఆడిన ఆట అది. ఉడుత మేఘం మీంచి మేఘానికి దూకాలి. ఇప్పుడు దూకలేక ఆడేవాళ్ళ అరచెయ్యి చెమర్చిందంటే చాలు, లోపలున్న బుజ్జగింపు చిప్ ఆ చిరాకును సెన్సర్‌తో కొలిచి, కంటికి తెలియకుండా మేఘాన్ని కాస్త ఇవతలికి జరుపుతుంది.

ఆ చిప్ కనిపెట్టిన వైజయంతి మాత్రం పొద్దుటినుంచీ ల్యాబ్‌లో పళ్ళు నూరుతోంది. కొత్త చట్టం వచ్చింది. ఆట, చిప్ సాయం లేకుండా దాటగలిగేదేనని, తయారుచేసినవాళ్ళే స్వయంగా దాటి సంతకం పెట్టాలి. లేకపోతే సాయంత్రం ఐదింటికి అమ్మకాలు బంద్. చిప్ పీకేస్తే యంత్రమే నడవదు కాబట్టి, బుజ్జగింపును మాత్రం ఆపించి కూర్చుంది. రెండువందల సార్లు ఉడుత పడిపోయింది. చిన్నప్పుడూ ఈ ఏడో మేఘం దగ్గరే పడేది. అప్పటి ఉక్రోషం యాభై దాటాక కూడా కొత్తగానే ఉంది.

“ఛీ! దీని మొహం మండ!” అంటూ యంత్రాన్ని విసరబోయి, ఆగి, మళ్ళీ నొక్కింది. ఉడుత దూకింది. అంచు పట్టుకుని, కాళ్ళు కొట్టుకుని, పైకెక్కేసింది.

వైజయంతికి సంబరం రాలేదు. ఒళ్ళు మండింది.

“మస్తాన్! నువ్వు బుజ్జగింపు ఆపలేదు కదూ?”

“పొద్దున్నే ఆపేశా మేడమ్,” అన్నాడు అసిస్టెంట్ మస్తాన్‌వలీ. “మీరే దాటారు. కావాలంటే దాన్నే అడగండి.”

అడిగింది.

“నేనేమీ సాయం చేయలేదు. మీరే దాటారు,” అంది యంత్రం తియ్యగా.

“అబద్ధం!”

“అదెందుకు అబద్ధం చెప్తది మేడమ్?”

“చెప్తుందయ్యా! సాయం చేసినా చేశానని ఒప్పుకోకూడదని, ఒప్పుకుంటే ఆడేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని, ఆ రూలు రాసింది నేనే. ఆపామో లేదో చూపించేది కూడా అదే.”

“ఆ మాట విని కోటిమంది మురిసిపోయారు. మీరూ మురిసిపోండి.”

ఆమె అతని మొహంలోకి చూసింది. పొద్దుటినుంచీ తన అవస్థ చూస్తున్న మనిషి. “జాలిపడి ఆపకుండా వదిలేశావా?”

“లేదు మేడమ్. మా అమ్మ మీద ఒట్టు.”

జాలిపడినవాడూ అలాగే ఒట్టేస్తాడు కదా అనిపించింది ఆమెకు. టైము నాలుగున్నరయింది. తెర మీద సంతకం గడి ఖాళీగా ఉంది. రెండుసార్లు దాని దాకా వేలు తీసుకెళ్ళి వెనక్కి లాక్కుంది.

మస్తాన్‌కు విసుగొచ్చింది. “సరే మేడమ్, నేనే ఆన్ చేశా. మీరట్టా ఏడవలేక ఆడతా ఉంటే చూడలేకపోయా. ఇంక సంతకం పెట్టబాకండి. చాలా?”

“నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావు,” అంది వైజయంతి. అతను ఒప్పుకున్న మాటా నమ్మలేకపోయింది.

ఉడుతను మళ్ళీ మొదటి మేఘం మీద నిలబెట్టింది. ఈసారి దాటినా తాను నమ్మనని ఆమెకు తెలుసు.