మట్టి దెబ్బ

ఒరేయ్ ఇమ్మానియేలూ, ఫోన్ పెట్టమాక. అక్కని. పొద్దున నువ్వు దర్శి బస్సెక్కి పోయినాక జరిగిందిదంతా.

మీ బావ పత్తికి మందు కొడతా చేలో పడిపోవటం, ఆర్‌ఎంపీ డాక్టరు చెయ్యి పట్టుకు చూసి పోయాడనటం, ముసురు పట్టిందని పొద్దు గుంకకముందే మట్టి చెయ్యటం... నిన్న నువ్వూ ఉన్నావుగా. పురుగుమందు ఎక్కినోళ్లు ఒక్కోసారి చచ్చినట్టే పడుంటారని రాత్రి ఎవరో అన్నారు. ఆ మాటే నన్ను తినేస్తందిరా. తొందరపడ్డామేమో అని.

మధ్యాహ్నం మా జయపాల్ కంప్యూటర్ ముందు కూకున్నాడు. గుంటూరులో డీజే పాటలు చేస్తాడుగా వాడు. "అమ్మా, నాన్న మీద పాట కడతా" అన్నాడు. ఆ పాటల్లో అడుగున ధబ్ ధబ్ మని ఒక దెబ్బ పడద్ది చూడు, దాన్ని కిక్కంటారంట. అది కుదరకపోతే జనం కాలు కదపరంట. దానికోసం వాడు తలుపు బాదేవాడు, పత్తి కుక్కిన బోరేల్ని గుద్దేవాడు. మీ బావ ఎగతాళి చేసేవాడు, "ఏరా, పాట చేస్తన్నావా, వడ్లు దంచుతన్నావా?" అని.

ఈసారి ఏదీ బాదలా. నిన్న సమాధి కాడ పాటలూ ప్రార్థనా రికార్డు చేశాడుగా. అందరం పెట్టె మీద గుప్పెడు గుప్పెడు మన్నేసిన చప్పుడు కూడా అందులో ఉంది. "ఆ దెబ్బే పెడతా" అన్నాడు. నేను కాదన్లా.

బయట చినుకులు. ఇంట్లో మీ బావ చొక్కాకి ఇంకా మందు వాసన. వాడు ఒక్క గుప్పెడు చప్పుడు కోసి తీశాడు. దాన్ని బరువు చేశాడు, లావు చేశాడు. ధబ్. నా కడుపులో తగిలింది. మళ్లీ వేశాడు.

ధబ్... టక్.

"కిక్కుకి పైన చిన్న టక్ అతికించాలమ్మా, లేకపోతే మెత్తగా ఉంటది. దీనికి దానంతటదే ఉంది చూడు" అని కాస్త సంబరపడ్డాడు కూడా.

ఇంకో గుప్పెడు తీశాడు. దానికీ ఉంది. నువ్వేసిన గుప్పెడికీ ఉంది. నేనేసినదానికీ...

వాడి చెయ్యి ఆగింది. మన్ను చప్పుడు తీసేసి, ఆ టక్ ఒక్కటే వినిపించాడు. వేలి కణుపుతో చెక్క మీద కొట్టినట్టు. లోపల నించి.

"అమ్మా... నాన్న..."

"పార తీసుకో" అన్నా.

ఎవరికీ చెప్పలా. వెలుతురుండగానే పోయాం. తడిసిన నల్లమట్టి, పారకి అంటుకుని వదల్దు. "వస్తన్నా నాన్నా, వస్తన్నా" అంటా తవ్వాడు. నేను చేతుల్తో గోకా. బతికుండయ్యా, నన్ను తిట్టినా సరే బతికుండు, అనుకుంటా గోకా. వాడు మేకులు ఊడబెరికి మూత ఎత్తాడు.

మనం పెట్టినట్టే ఉన్నాడ్రా. చేతులకి కట్టిన గుడ్డ ఊడలా. ముక్కులో పత్తి కదల్లా. బుగ్గ ముట్టుకుంటే చెక్కలాగా ఉంది. మూత లోపల ఒక్క గీతన్నా లేదు. ఏడుపొచ్చింది. పోనీలే, బతికుండగా పూడ్చలేదని నిమ్మళం కూడా వచ్చింది.

టక్.

జయపాల్ పెట్టె అంచు మీద చెయ్యేసి ఉన్నాడు. తీయలా. నా వంక చూశాడు.

"నాన్న కాదమ్మా."

"మరి?"

"పెట్టె కింద... ఇంకా కింద నించి."

మూత పడేశాం. మేకులు కొట్టలా. వాడు పైకొచ్చి మన్ను తొయ్యటం మొదలుపెట్టాడు. ధబ్. టక్. ధబ్. టక్. ఎన్ని పారలేస్తే అన్ని. ఆగుద్దేమో చూద్దామని పార ఆపాడు.

అది ఆగలా.

వంగి నేలకి చెవి పెట్టా. ఆయన గుంట కాడ వినపళ్లా. పక్కన నాకోసమని వదిలిన జాగా ఉందే... ఎవరూ పార పెట్టని గట్టి నేల...

దాని కిందకి జరిగిందిరా.