మొదటి డికాషన్

గోవిందరావు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏటే తాయారూ ఇది? కాఫీయా, గ్లాసులు తొలిసిన నీళ్ళా?"

"అదే గింజ, అదే పొడి, అదే చెయ్యి బావా."

"అదే రుచి మాత్రం నేదు."

ఆ మాట నిజమే. కొన్నాళ్ళుగా తాయారుకు అంతుపట్టనిదీ అదే. అనంతగిరి నుంచి వచ్చిన పచ్చి గింజలు ఇనప మూకుట్లో తనే వేయిస్తుంది, బల్లకు బిగించిన చేతిమరలో తనే ఆడిస్తుంది. పడుకోబోయే ముందు ఇత్తడి ఫిల్టరు పైగిన్నెలో పొడి పోసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో అదిమి, మరిగిన నీళ్ళు పోస్తుంది. ఎంత అదమాలో ఆమె బొటనవేలికి తెలుసు. విజయనగరంలో వాళ్ళ బట్టల కొట్టుకొచ్చిన పెద్దమనుషులు పొందూరు పంచెల బేరం మరిచిపోయి ఆ కాఫీని మెచ్చుకున్న రోజులున్నాయి.

"పొడి తగ్గించేస్తన్నావా?" అన్నాడు గోవిందరావు. "మిగిలింది బొబ్బిలి పోతన్నాదేటి, మీ అన్న ఇంటికి?"

తాయారు అత్త వైపు చూసింది. లక్ష్మణమ్మ ఆమెకు సొంత మేనత్త. బొబ్బిలి ఇల్లు ఆవిడకూ పుట్టిల్లే. పట్టుబట్టి మేనకోడల్ని ఈ ఇంటికి కోడలిగా తెచ్చుకున్న మనిషి, ఒక్క మాట అనకపోతుందా అని తాయారు చూసింది. అంది కూడా.

"నాను కాఫీ మానేసినదాన్ని, నాకేటి తెలుస్తాది నాయనా? దాని చెయ్యి మునుపటిలాగ నేదని నువ్వే అంటన్నావు, అంతే కాబోలు." అనేసి వత్తులు చేసుకోవడంలో మునిగిపోయింది.

ఆవిడ కాఫీ మానేసిన సంగతి వీధంతా ఎరుగును. కిందటేడు కొడుక్కి టైఫాయిడ్ వచ్చినప్పుడు, వాడు లేచి తిరిగితే తనకు ప్రాణమైన కాఫీ వదిలేస్తానని శ్రీకూర్మంలో మొక్కుకుంది. వాడు లేచాడు, ఆవిడ వదిలేసింది. కాకరకాయ వదిలేసి పుణ్యం కట్టుకునే అత్తలున్న ఊళ్ళో కాఫీ వదిలిన అత్త మా అత్త అని తాయారే గొప్పగా చెప్పుకునేది.

"రేపట్నుంచి హోటల్నుంచి తెచ్చుకుందుము. ఆ ఫిల్టరు అటకెక్కించు," అని గోవిందరావు కొట్టుకి వెళ్ళిపోయాడు. దొంగ అనలేదు. అనడానికి మిగిలింది ఆ ఒక్క మాటే.

అలవాటు చావక తాయారు ఆ రాత్రి కూడా ఫిల్టరు వేసింది. తెల్లారకముందే మెలకువ వచ్చి వంటింట్లోకి వెళ్ళి దాని మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. రాత్రి పోసిన నీళ్ళు ఈపాటికి చల్లారిపోవాలి. ఎవరో ఇప్పుడే మళ్ళీ పోశారు.

పెరట్లో లక్ష్మణమ్మ తులసికోట చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది. చేతిలో రాగిచెంబు. ప్రదక్షిణానికో గుక్క. తీర్థం అంత ఘాటుగా వాసన వెయ్యడం తాయారు ఎన్నడూ ఎరగదు.

"అత్తా."

చెంబు ఒలికింది.

"పాలు కలపనేదే," అంది లక్ష్మణమ్మ ముందుగా. "ఉత్త డికాషనే. పాలు కలిస్తేనే కదా కాఫీ."

నవ్వు రావలసిన చోట తాయారుకు ఏడుపొచ్చింది. "తాగితే తాగినావు. అడిగితే నానే ఇచ్చీదాన్ని. పుట్టింటికి దోసిపెడతన్నానని బావ నన్నంటే నీకు నోరెందుకు రానేదు? అది నీ పుట్టిల్లు కాదా?"

"మొక్కు తప్పినానని తెలిస్తే ఆడు బెంగెట్టుకుంటాడే. నాకూ బయమే. తాగినప్పుడల్లా ఆడు నిద్దట్లో ఉండగా నుదురు ముట్టుకు సూస్తన్నాను, జొరమొచ్చిందేమోనని."

"ఆడి నుదురు సూసినావు. నా మొకం సూడనేదు."

లక్ష్మణమ్మ చెంబు కొంగు చాటున పెట్టుకుంది. "ఆడికి సెప్పకే," అని మాత్రం అంది.  తాయారు లోపలికి వెళ్ళి కొత్త పొడి పోసి, బిళ్ళతో అదిమి, నీళ్ళు మరగబెట్టింది.

ఆ ఇంట్లో మొదటి డికాషన్ మగవాళ్ళది. అదే పొడిలో మళ్ళీ నీళ్ళు పోసి దించిన పల్చటిది ఆడవాళ్ళది. గోవిందరావు హోటలుకని ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరేసరికి, తాయారు మొదటి డికాషన్‌లో పాలు కలిపి, నురగ కట్టిన గ్లాసు తెచ్చి అత్త ముందు పెట్టింది.

"అమ్మ కాఫీ తాగదు కదే," అన్నాడు గోవిందరావు.

 లక్ష్మణమ్మ గ్లాసు చూసింది, కొడుకుని చూసింది. చివరికి కోడలి ముఖం చూసింది. ఏడ్చి ఉబ్బిన కళ్ళు.

"దొంగని నానేరా," అంది. "రోజూ సిక్కటి డికాషన్ నాను వంపుకుని, ఉడుకునీళ్ళు పోసి నీకట్టిపెడతన్నాను. దాని చెయ్యి బంగారం. నా బిడ్డని నానే మాట పడనిచ్చినాను." పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

గోవిందరావు తెలియకుండానే తన నుదురు తడుముకున్నాడు. తరవాత ఫ్లాస్కు కింద పెట్టాడు. "తప్పయిపోనాది తాయారూ. బొబ్బిలి మాట అనవలసింది కాదు."

"స్వామికేటి సెప్పుకోనే?" అంది లక్ష్మణమ్మ కోడలితో.

"శ్రీకూర్మం నానూ వస్తాను. ఈసారి ఇంకోటి వదిలేద్దువు గాని."

"ఏటది?"

"కొడుకు ముందర కోడల్ని ఒంటరిగా ఒగ్గీడం."

లక్ష్మణమ్మ గ్లాసులో సగం ఇంకో గ్లాసులోకి వంచి, రెండు చేతులతో తాయారుకు ఇచ్చింది. కాపురానికొచ్చాక తన చేతి మొదటి డికాషన్ రుచి తాయారుకు అదే మొదలు. గొంతు కాలిందో ఏమో, కళ్ళలో మళ్ళీ నీళ్ళు తిరిగాయి.

గోవిందరావు రెండో డికాషన్ తాగాడు. చాలా బాగుందన్నాడు.